బోసి మెడ

ఉదయం ఐదున్నరకు అమ్మవారి మెడలో మంగళసూత్రం లేదు. ఆరున్నరకల్లా ఊరు దొంగ పేరు ఖాయం చేసేసింది.

2001 ఫిబ్రవరి. వినుకొండ నుంచి ఎస్సై లక్ష్మీదుర్గ జీపు దిగేసరికి కోటిరత్నం చీపురు చేతిలోనే పట్టుకుని గుడి మెట్ల కింద కూర్చుని ఉంది. ముప్పై దాటని వితంతువు. గుడి ఆవరణ ఊడుస్తుంది, మిగతా పొద్దు మిరప కళ్లంలో కూలి. వచ్చే గురువారం ఆమెకు రెండో పెళ్లి. సూత్రం ఆమె ఇంట్లో, మిరపకాయల గోతంలో దొరికింది.

అక్కడ వెతకమన్నది ఆలయ కమిటీ ప్రెసిడెంట్ వెంకయ్య. శనివారం శనివారం భజన ఆపించి మరీ ఆడవాళ్ల నడత మీద శ్రీరంగనీతులు చెప్పే పెద్దమనిషి. మొగుడు పోయినది మళ్లీ పీటలెక్కితే ఊరికి అరిష్టమని తేల్చినవాడూ, ఉత్సవం రోజుల్లో వితంతువులు మెట్లెక్కరాదని కట్టుబాటు పెట్టినవాడూ ఆయనే.

"నీతి లేనిదానికి దేవుడి సొమ్మయితే ఏంటండి? తీసుకుపోండి మేడమ్," అన్నాడు. ఎండ చురుక్కుమంటున్నా చేతులు రెండూ కండువాలోనే ఉన్నాయి.

లక్ష్మీదుర్గ బూట్లు విప్పి గర్భగుడి గడప దాకా వెళ్లింది. తాళం పగల్లేదు. తాళంచెవి మండపంలో మేకుకే వేలాడుతుంది, ఎవరైనా తీయొచ్చు. కల్యాణోత్సవం కోసం పీట మీద పెట్టిన జానెడు విగ్రహం మెడలో పసుపు దారం, దానికో పసుపుకొమ్ము.

"ఇదెవరు కట్టారు?"

కమిటీ వాళ్లనుకున్నానన్నాడు పూజారి శశిభూషణ్. పూజారి అనుకున్నామన్నారు కమిటీ వాళ్లు. పుస్తెలు తీయాల్సి వస్తే మెడ బోసిగా ఉండకూడదని పసుపుకొమ్ము కట్టడం ఇంటింటా ఉన్నదే. అందుకే ఎవరికీ అడగాలనిపించలేదు.

"అయితే దొంగే కట్టాడు. పూజారిగారూ, మీ చెయ్యి చూపించండి."

పూజారి మణికట్టుకు కంకణం. పసుపు దారం, పసుపుకొమ్ము. ఉత్సవం ముగిసేదాకా విప్పకూడదు. ఇంకెవరు కట్టుకున్నారని అడిగితే, కల్యాణం పీటల మీద కూర్చున్న వెంకయ్యగారేనని చెప్పాడు.

"వెంకయ్యగారూ, కండువా తీయండి."

ఆయన కదల్లేదు. కానిస్టేబుల్ బుడాన్ తీశాడు. మణికట్టు మీద పసుపు చార ఒక్కటే మిగిలింది.

"తెగి పడిపోయిందండి."

"తెగలేదండి. విప్పి, అమ్మవారికి మూడు ముళ్లు వేశారు. ఈమెను ఇరికించడానికి సూత్రం తీశారు. తీరా బోసి మెడ చూసేసరికి మీకు గుండె జారింది. చేతికి అందింది మీ కంకణమే."

వెంకయ్య ఆ చెయ్యి వీపు వెనక్కి దాచుకున్నాడు. ఎందుకు చేశాడని అడగడానికి లక్ష్మీదుర్గ కోటిరత్నాన్ని మండపంలోకి పిలిచింది. ఆమె జంకుతూనే మెట్లెక్కింది.

"మొన్న రాత్రి తలుపు కొట్టాడండి. పెళ్లి మానేసి తనతో ఉండిపొమ్మన్నాడు. నేను గడియ తీయలేదు." కోటిరత్నం విగ్రహం వైపు చూసింది. "ఆ తల్లి మెడ బోసిగా ఉంటే భయమేసింది ఈయనకి. నా మెడలో నల్లపూస కూడా ఉండకూడదన్నదీ ఈయనేనండి."

వెంకయ్యను జీపెక్కించారు.

తర్వాత కమిటీ పెద్దలు పక్కకెళ్లి గుసగుసలాడి, రేపు గుడికి సంప్రోక్షణ చేయించాలని తేల్చారు. వెంకయ్య చేసిన పనికేమో అనుకుంది లక్ష్మీదుర్గ.

"అది కాదండి," అన్నాడు పూజారి తల వంచుకుని. "ఆ అమ్మాయి మెట్లెక్కింది కదా, అందుకట."

లక్ష్మీదుర్గకు ఒళ్లు మండింది. దానికి ఏ సెక్షనూ లేదు. కోటిరత్నం ఆ మాట విననే వింది. చీపురు మెట్ల మీదే పడేసి కళ్లం వైపు నడిచిపోయింది.