గేట్ల పేరుతో తలుపు

అన్నను వంతెన మీద కాల్చి చంపారు. అతను ఆ దారిన వస్తాడని తెలిసిన మనిషి ఒక్కతే, అతను పెళ్లాడబోయే అమ్మాయి. గూఢచారి ఏజెన్సీలో ఆమె కోడ్ నేమ్ నెమలి.

"డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్. "ఈ మధ్యాహ్నం డ్యామ్ గేట్లన్నీ ఎత్తేస్తుంది. కింద ఊళ్లు మిగలవు. కంట్రోల్ రూమ్ విదేశీ ముఠా చేతుల్లో ఉంది. ఒక్కదానివే వెళ్లు. నెమలి ప్రాణాలతో కావాలి."

"ప్రాణం ఒక్కటీ వదుల్తాను సార్," అంది అదే ఏజెన్సీలో పనిచేసే చెల్లెలు, పళ్లు నూరుతూ.

కంట్రోల్ రూమ్ ఏసీని బయటినుంచి చెడగొట్టింది ఆమే. మెషీన్లు వేడెక్కేసరికి వాళ్లే మెకానిక్ కోసం కబురుపెట్టారు. మాస్క్ తొడుక్కుని, పానా పట్టుకుని వెళ్లి, సిలిండర్ మూత కాస్త తిప్పింది.

"గ్యాస్ లీకు! పీల్చారో, పోతారు!"

ఆపరేటర్, కాపలావాళ్లు దగ్గుతూ బయటికి పరిగెత్తారు. సర్వాధికారాలూ ఉండే రూట్ టెర్మినల్ తెరిచే ఉంది.

యూనిక్స్ మెషీన్‌లో పరికరాలకు డెవ్ డైరెక్టరీలో ఫైళ్లుంటాయి. ఫైల్లో రాసింది పరికరానికి చేరుతుంది. కానీ పేరుది ఏమీ లేదు, పెత్తనమంతా వెనకున్న రెండు నంబర్లదే. మేజర్ నంబర్ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, ఏదో చెబుతుంది, మైనర్ నంబర్ ఆ డ్రైవర్ కింద ఏ మోటారో చెబుతుంది. గేట్లకూ, ఈ గది ఉక్కు తలుపుకూ డ్రైవర్ ఒక్కటే.

గేట్ల ఫైలు తుడిచేసింది. ఎమ్‌కేనాడ్ కమాండ్‌తో అదే పేరుకు కొత్త ఫైలు పుట్టించింది. మేజర్ పాతదే, మైనర్ మాత్రం తలుపుది.

సిలిండర్ మూత బిగించేసరికి హైహీల్స్ టకటక. ఎర్ర గౌనులో నెమలి. వేలికి అన్న తొడిగిన ఉంగరం ఇంకా మెరుస్తోంది.

"అయిందా?"

"అయింది మేడమ్."

పానాతో ఆ తల పగలగొట్టాలని చెయ్యి తహతహలాడింది. కోపాన్ని దిగమింగి గడప దాటింది. ముఠా అంతా లోపలికి చేరింది.

"ఎత్తెయ్!" అంది నెమలి.

ఆపరేటర్ గేట్ల ఫైల్లోకి 'ఒకటి' పంపాడు. గేట్లు కదల్లేదు. ఆ 'ఒకటి' తలుపుకు చేరి, వెనక ఉక్కు గడియ ధన్‌మని పడింది.

"సున్నా కొట్టు! తలుపు తెరువు!"

వాడు సున్నా వెతుక్కునేలోగా, కాపలా లేని కారిడార్‌లో చెల్లెలు మెయిన్ స్విచ్ దించేసింది. ఇక గేట్లూ లేవవు, గడియా లేవదు.

తలుపు అద్దం దగ్గర నిలబడి మాస్క్ తీసింది. నెమలి మొహం పాలిపోయింది.

"నువ్వా! తలుపు తియ్యి! మీ అన్నంటే నాకు ప్రాణం!"

"అందుకేగా తీయించావు."

"నన్నేం చేస్తావ్?"

"చీఫ్ వస్తున్నాడు, ఆయన్నడుగు. ఈలోగా చెమటలు పట్టనీ. పెళ్లి కాకపోతేనేం వదినా, ఆడపడుచు ఆరళ్లు ఊరికే పోతాయా?"