మంచివాడన్న చెడ్డపేరు

“కుర్రాడిలో టాలెంట్ ఉంది. క్యారెక్టరే ప్రాబ్లం,” అన్నాడు మేనేజరు.

ప్రకటనల కంపెనీలో మాటలు రాసే అమ్మాయి పెన్ను మూత తీసింది. “తాగుతాడా?”

“తాగితే ఇంత దిగులెందుకు? మంచివాడు.”

బాక్సింగ్ జిమ్ పైన, చెమట వాసన మెట్లెక్కి వచ్చే ఇరుకు ఆఫీసు గది అది. ఆ మంచివాడు కిటికీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు కాబట్టి గదిలో లైటు వేయాల్సి వచ్చింది. హెవీవెయిట్ కుర్రాడు. ఆడిన ప్రతి పోటీలో ఎదుటివాణ్ణి పడగొట్టాడు. పడగొట్టిన ప్రతిసారీ తనే లేపి, దెబ్బ ఎక్కడ తగిలిందో అడిగాడు. అందుకే ఏ పేపర్లోనూ అతని ఫోటో పడలేదు.

ఈసారి పోటీ ఛాంపియన్‌తో. ఆ పెద్దమనిషిని అందరూ రోడ్డురోలర్ అంటారు. ప్రెస్‌మీట్‌లో అతను తిడతాడు, కుర్రాడు తిరిగి తిట్టాలి. అలా అయితేనే టికెట్లు అమ్ముడవుతాయి. ఇన్నాళ్ళూ సబ్బులనీ ఫ్యాన్లనీ పొగిడిన అమ్మాయికి ఇప్పుడు తిట్లు రాసే పని పడింది.

“‘నీ తోలు తీస్తా’ అను,” అంది.

“తోలు తీయడం నాకు రాదండీ. ఎడమచేత్తో పక్కటెముకల కింద కొట్టడం వచ్చు. అది చెప్పనా?”

“అది డాక్టరు రిపోర్టులా ఉంటుంది. పోనీ, ‘మూడు చెరువుల నీళ్ళు తాగిస్తా’ అను.”

“ఆటకి ముందు అన్ని నీళ్ళు తాగకూడదండీ.”

ఆటపట్టిస్తున్నాడేమోనని ఆమె తలెత్తి చూసింది. ముఖం అమాయకంగానే ఉంది. మీసం కింద మాత్రం ఏదో కదిలింది.

మనిషి తెలిస్తే కదా తిట్టు కుదిరేది అనే సాకుతో ఆమె సాయంత్రాలు ప్రాక్టీసు చూడటానికి వెళ్ళసాగింది. గుద్దులాటే చూస్తాననుకుంది. అంత మనిషీ, నిద్రపోయిన పసివాడి గదిలోంచి బయటికొచ్చే తల్లిలా అడుగులు వేస్తున్నాడు. దెబ్బ వచ్చేసరికి అతని తల అక్కడ ఉండదు.

“ముందే ఎలా తెలుస్తుంది?” అని అడిగింది ఒకరోజు.

“చెయ్యి కదిలేలోపే భుజం చెప్పేస్తుందండీ. ఎవరి ఒళ్ళూ అబద్ధమాడదు.”

“నా ఒళ్ళేం చెబుతోంది?”

కుర్రాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. “గ్లవుజులు ఆరబెట్టాలండీ,” అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె ఒక్క తిట్టూ రాయకుండానే ఇంటికి వెళ్ళింది.

ప్రెస్‌మీట్ రోజున బయట వాన, లోపల కెమెరాలు. రోడ్డురోలర్ టేబుల్ మీద దబదబా బాదాడు. “ఈ దూడని కట్టుకొయ్య దగ్గరికి పంపించేస్తా.”

అందరూ కుర్రాడివైపు తిరిగారు. ముందు వరుసలోంచి అమ్మాయి పెదాలు కదుపుతూ తిట్టు అందించింది. అతను ఆమెను చూశాడు, రోడ్డురోలర్‌ను చూశాడు, మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“మీ కుడిభుజం బాగోలేనట్టుందండీ. టేబుల్ అంతా ఎడమచేత్తోనే కొట్టారు. ఒకసారి డాక్టరుకి చూపించండి.”

ఎవరో నవ్వారు. రోడ్డురోలర్ నవ్వలేదు. మర్నాడు పరీక్ష చేస్తే భుజంలో కండరం చిరిగిందని తేలింది. పోటీ వాయిదా పడింది. గోడలమీద పోస్టర్లు వానకు నానాయి. మేనేజరు మంచం పట్టాడు. కంపెనీవాళ్ళు అమ్మాయిని బొద్దింకల మందు ప్రకటనలకు మార్చారు.

ఆమె తిన్నగా జిమ్‌కు వచ్చింది. “ఆ భుజం మీద నాలుగు తగిలిస్తే ఛాంపియన్‌వి అయ్యేవాడివి. తెలుసా?”

“తెలుసండీ.”

“మరి?”

“తెలిశాక ఎలా కొడతాను? ఆ భుజంతో ఆడితే ఆయన చెయ్యి ఇక జన్మలో పైకి లేవదు.”

“ఆయన నిన్ను దూడ అన్నాడు.”

“అంటే అయిపోతానా?”

“నీతో వేగడం నా వల్ల కాదు,” అని విసురుగా వెళ్ళిపోయింది. చేతిలో గొడుగు పెట్టుకునే బస్టాపు దాకా తడిసింది. కోపంవల్లే అనుకుంది.

భుజం నయమయ్యాక రోడ్డురోలరే పేపర్లవాళ్ళను పిలిచాడు. “ఆడితే ఆ కుర్రాడితోనే ఆడతాను,” అన్నాడు. ఏ తిట్టూ చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. టికెట్లకోసం జనం తోసుకున్నారు. మేనేజరు మంచం దిగి టీవీలో కూర్చున్నాడు. “మంచితనమే మా బ్రాండ్. మొదట్నుంచీ అది నా ఐడియానే.”

అమ్మాయి ఇంట్లో ఆఫీసు పని అని చెప్పి, టికెట్ కొనుక్కుని వచ్చింది.

నయమైన రోడ్డురోలర్ నిజంగా రోడ్డురోలరే. కుర్రాడి కనుబొమ చిట్లింది. ఒకసారి మోకాలు నేలకు ఆనింది. అమ్మాయి పక్క సీటు ముసలాయన చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఆయన మర్యాదస్తుడు, నొప్పి ఓర్చుకున్నాడు. చివరికి కుర్రాడి ఎడమచెయ్యి పక్కటెముకల కింద దిగింది. రోడ్డురోలర్ మెల్లగా కూర్చున్నాడు. పది లెక్కపెట్టినా లేవలేదు.

మేనేజరు మైకుతో, మఖమల్ డబ్బాతో, కెమెరామేన్‌తో సహా రింగులోకి దూకాడు. “నీ చూపులు నేను చూడలేదా? ఆ అమ్మాయి మూడో వరుసలో ఉంది. మోకాళ్ళమీద కూర్చుని ఉంగరం చూపించు. పాట కూడా రెడీగా ఉంది.”

కుర్రాడు మైకు అందుకున్నాడు. కెమెరామేన్ దగ్గరికి జరిగాడు.

“బయట వాన పడుతోంది. అందరూ జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళండి,” అని మైకు తిరిగి ఇచ్చేశాడు.

డ్రెస్సింగ్ రూములో ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి బెంచీమీద కూర్చున్నాడు. అమ్మాయి ఐసుగడ్డలు గుడ్డలో చుట్టి ఆ కంటిమీద ఆనించింది.

“మైకు చేతికిచ్చినా అడగలేదేం?”

“అంతమందిలో అడిగితే, ఇష్టం లేకపోయినా మీరు కాదనలేరు కదండీ.”

“ఇప్పుడు ఎవరూ లేరుగా.”

“ఇప్పుడు భయంగా ఉందండీ.”

“రోడ్డురోలర్ ముందు లేని భయం నా దగ్గరా?”

“ఆయనకి నేను నచ్చకపోయినా నాకేం కాదు.”

ఆమె చెయ్యి ఆగింది. ఐసు కరిగి అతని బుగ్గమీదుగా కారుతున్నా ఇద్దరూ తుడవలేదు.

“ఆదివారం మా ఇంటికి రా,” అంది ఆమె. “నాన్నతో మాట్లాడాలి.”

ఆమె తండ్రి టైలరు. ముందుగదిలోనే కుట్టుమిషను. ఆదివారం పొద్దున కుర్రాడు తల వంచుకుని గుమ్మం దాటాడు. చెప్పాల్సింది తడబడుతూ చెప్పాడు. తండ్రి అవుననలేదు, కాదనలేదు. కళ్ళజోడు పైకి తోసి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని ఎక్కి, మెడలో ఉన్న టేపు తీసి అతని భుజాలు కొలవడం మొదలుపెట్టాడు.

“ఏం చేస్తున్నావు నాన్నా?” అంది అమ్మాయి కంగారుగా.

“ఈ కొలతకి పెళ్ళికోటు కుట్టాలంటే మాటలా? ఇవాళ మొదలెడితేగానీ ముహూర్తానికి అందదు,” అన్నాడు ఆయన. “చెయ్యి చాపు అల్లుడూ.”