చెలమనీళ్ళ పప్పు

పొయ్యి మీద కందిపప్పు కుతకుత ఉడుకుతోంది. పులివెందుల నుంచి కాన్పుకు పుట్టింటికొచ్చిన మసరత్ గడప దగ్గర కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగుతోంది. షాహీదాబీ మురిసిపోతూ చూస్తోంది. ఆ నీళ్ళు పెన్న ఇసుకలో తవ్విన చెలమవి. చెలమ జోలికి పోవద్దని మొగుడు మౌలాలి కారణం చెప్పకుండానే హుకుం వేశాడు. క్యాను నీళ్ళలో పప్పు ఉడికి చస్తేగా! ఆయనకు తెలియకుండా రోజూ ఓ బిందె తెచ్చుకుంటోంది.

ఆ రోజు మౌలాలి పని నుంచి పెందలాడే వచ్చాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఊడ్చిన దుమ్ము తెచ్చి, పాదరసంతో, ఆసిడ్‌తో కడిగి, అందులోని బంగారం తీయడం ఆయన పని. మిగిలిన నీళ్ళు, బురద అన్నీ ఏటిపాలే. మూలనున్న బిందె అడుగున ఇసుక చూసి నిలబడిపోయాడు.

"ఈ నీళ్ళు యాడివే?"

"ఏటివి. బిడ్డకు తేలిగ్గా అరుగుతాయని తెస్తాండా. ఏమైందిప్పుడు?"

మౌలాలి కూతురి చేతిలోని గ్లాసు లాగి విసిరేశాడు. "బుద్ధుందా నీకు? క్యాను తెప్పించి పెడితే, ఆ విషం తాపుతావా బిడ్డకు?"

"విషమా?" షాహీదాబీ గరిటె పట్టుకునే లేచింది. "నీకెట్ల తెలుసు?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. మౌలాలి నసుగుతూ బయటపెట్టాడు. పోయిన వేసవిలో కాలేజీవాళ్ళెవరో ఏటి బురద సీసాల్లో పట్టుకెళ్ళారు. సీసం, పాదరసం, కాడ్మియం దండిగా ఉన్నాయని, చెలమనీళ్ళు ఊళ్ళో ఎవరినీ తాగనీయొద్దని వచ్చి మౌలాలికి చెప్పారు. నీళ్ళు పారని ఏట్లో పోసిందంతా ఇసుకలోనే కూర్చుంది. ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తన ఇంటికి మాత్రం క్యాను పెట్టించాడు. ఎంత న్యాయమో చూడండి.

"రాజమ్మ ఆడే ముంచుకుంటాంది. ఖాజాబీ ఆడే ముంచుకుంటాంది. వాళ్ళవి పిల్లోళ్ళు కారా? ఊరంతా తాగొచ్చు, నీ కూతురు మాత్రం తాగగూడదా?"

"చెప్తే పని పోతాదే..."

షాహీదాబీ పప్పుగిన్నె దించి ఆయన ముందు దబ్బున పెట్టింది. "తిను. శానా బాగా ఉడికింది."

మౌలాలి ముట్టలేదు. మసరత్ కడుపు పట్టుకుని ఏడ్చింది. "వచ్చినకాడ్నుంచీ అవే తాగుతాండా నాయనా. నా బిడ్డకేం కాదు కదా?"

మౌలాలి కళ్ళు తుడుచుకుని, పార భుజాన వేసుకుని ఏటికి నడిచాడు. షాహీదాబీ వెంటే కదిలింది.

చెలమలోకి పారెడు ఇసుక పడగానే, మిగతా ఆడవాళ్ళతో నీళ్ళు ముంచుకుంటున్న రాజమ్మ అరిచింది. "ఏం మామా, నీళ్ళు పూడుస్తాండావు? మతి పోయిందా?"

నీళ్ళు చెడిపోయాయని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"తాగొద్దమ్మా. ఈ ఇసుకలో విషం కలిపింది నేనే. ఏడాదిగా తెలిసీ చెప్పల్యా."

రాజమ్మ నిండు బిందెను ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది. ఆడవాళ్ళంతా తిట్లు అందుకున్నారు. మౌలాలి తల వంచుకుని ఇసుక తోస్తూనే ఉన్నాడు. షాహీదాబీ మొగుణ్ణి వెనకేసుకు రాలేదు. కొంగు బిగించి, ఆయనకు ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో ఇసుక చెలమలోకి తోయసాగింది.