దయ్యాల వాకిట్లో హీరాగి

మీరే! ఈ కొండవీధిలో తల ఊపిన ప్రతి ఇల్లూ ఆ చెట్టు వేళ్లు నరికింది! రంపం గెన్సైది... అంతే తేడా!

సంధ్య... ఎదురొచ్చేది మనిషో పిశాచమో పోల్చుకోలేని ఘోరఘడియ! తోసా కొండలపై మేఘగర్జన... దేవదారుల్లో గుడ్లగూబ కూత!

ఈ తోసా సీమలో ఇంటి ఈశాన్య మూలంటే దయ్యాలు చొరబడే వాకిలి. విధవరాలు షిగెనో ఇంట ఆ మూలను కాసేది ముళ్లాకుల హీరాగి చెట్టు. వయసు మీదపడి దాని ఆకులు ముళ్లూడి నునుపెక్కాయి. పిల్లల్లేని షిగెనో కష్టమూ సుఖమూ దానికే చెప్పుకునేది.

క్షుద్రోపాసకుడు గెన్సైకి ఆ మూలే కావాలి! ఆకలితో మాడ్చి చంపిన కుక్క కపాలాన్ని అక్కడ పాతితే, శునకపిశాచం షిగెనోను ఆవహిస్తుంది, ఆమె వాడికి బానిసవుతుంది.

పెద్ద చెట్టును జరపాలంటే ముందు సగం వేళ్లు కోసి, గడ్డితాడు చుట్టి, పిల్లవేళ్లు పుట్టేదాకా ఏడాది ఆగాలి. అది ‘వేరుచుట్టు’. పని మొదలెట్టే ముందు ఇంటింటికీ తిరిగి జనాన్ని ఒప్పించడాన్నీ ఇక్కడ అదే మాటతో అంటారు. గెన్సై మీకు వేరు చుట్టాడు... చెట్టుకు చుట్టలేదు!

"ముళ్లూడిన ముసలి చెట్టు, ఏం కాపలా కాస్తుంది? తోటలో ఆ చివరకి జరుపుతా."

"మాదేం పోయింది స్వామీ, కానివ్వండి!" అన్నారు మీరు.

పక్కింటి తొమె అవ్వ ఒక్కతే ఎకసెక్కెమాడింది. "చెట్టునడిగావా నాయనా? దాని మొదట్లో చుక్క సారా పోశావా?"

"చెట్టుకి చెవులుంటాయేంటే ముసలీ!"

"ఒక్క ఏడాది ఆగండయ్యా... మాట్లాడ్డానికి నాకదొక్కటే ఉంది," అని షిగెనో మీ గడపగడపకీ మొక్కింది. తలుపులేసుకున్నారు!

ఆ సంధ్యలో వేళ్లన్నీ ఒక్కసారే తెగాయి. ముక్కాలి దూలాలకు వేసిన గొలుసు చెట్టును గాల్లోకి లేపింది. గోతిలో కపాలం పడింది... మంత్రోచ్చారణ! షిగెనో మెడ మెలి తిరిగింది... నురగలు కక్కుతూ కుక్కలా మొరిగింది!

"ఇక నీ దేహం నాది!" గెన్సై వికటాట్టహాసం!

ఫెళ్లున పిడుగు! వేలాడుతున్న హీరాగి వణికింది... నున్నని ఆకులన్నిటికీ ముళ్లు మొలిచాయి! తెగిన వేళ్లు సర్పాల్లా దిగి మాంత్రికుణ్ని చుట్టాయి... చుట్టూ... చుట్టూ! "వదులు... వదులూ!" కపాలం పగిలింది. వాడి బూడిద కూడా మిగల్లేదు. గొలుసు తెగి చెట్టు నేల కూలింది.

షిగెనోకు తెలివొచ్చింది. వానలో ఒక్కతే కూర్చుని, తన దుప్పటి చింపి వేళ్లకు చుడుతోంది... ఆమె చేతులు సరిపోవడం లేదు!

చెట్టింకా పచ్చిగానే ఉంది. మీ పాకల్లో గడ్డితాళ్లు లేవా? రండి బయటికి! దాని చోటనే దాన్ని నిలబెట్టండి, సగం ఆకు తుంచండి, ఊతకర్రలు నాటండి, నీళ్లు పొయ్యండి. గునపం ఎత్తేముందు షిగెనోను అడగండి... ఆమె ఔనన్నాకే చెయ్యి వెయ్యండి!