పన్నెండు ఫోర్కులు

1983 ఆగస్టు, శనివారం. మధ్యాహ్నం 1.20.

అమెరికాలో ఈరీ కాలువ మీద నత్తనడక నడుస్తున్న సన్నటి బోటులో లూసీ ఉంగరం మాయమైంది. కుడిచేతిది. చనిపోయిన తల్లి ఇచ్చినది.

బోటులో న్యూజెర్సీ పార్సిప్పనీ ఊరి తెలుగు చర్చివాళ్ళు పన్నెండుమంది. బోటు నడిపేది ఎర్ల్ అనే తెల్ల ముసలాయన.

"సింక్ పక్కన పెట్టి పైకొచ్చాను. మళ్ళీ లోపలికెళ్ళలేదు," అంది లూసీ.

తర్వాత క్యాబిన్‌లోకి వెళ్ళింది ఎర్ల్ ఒక్కడేనట.

"రెండింటికి కాలువ లాకు వస్తుంది. అక్కణ్ణించి పోలీసులకి ఫోన్ చేద్దాం," అన్నాడు ఆమె భర్త ఆమోసు.

ఫోన్ చేస్తే ఎర్ల్ ఉద్యోగం ఊడుతుంది. అది అందరికీ తెలుసు.

దైవాశీర్వాదం లేచాడు. బాపట్లలో రిటైరైన సబ్ ఇన్‌స్పెక్టర్. దర్జాగా బోటు వెనక్కి నడిచాడు.

"క్యాబిన్‌లోకి ఎప్పుడు వెళ్ళారు?"

"12.50."

"ఎందుకు?"

"ఫోర్క్ కోసం. దొరకలేదు."

"లోపల ఎవరున్నారు?"

ఎర్ల్ కాలువకేసి చూశాడు. "అది వాళ్ళే చెప్పాలి."

బాపట్లలో జేబుదొంగలు కూడా ఇంతకన్నా మంచి అబద్ధాలు ఆడేవారనుకున్నాడు దైవాశీర్వాదం.

1.35. చెత్తసంచిలో పదకొండు ఫోర్కులు. అన్నిటికీ పులిహోర పసుపు. పన్నెండోది క్యాబిన్ బెంచీ కింద దొరికింది. తెల్లగా ఉంది.

1.45. అందరినీ పిలిచాడు. ఎర్ల్‌కి వినబడేలా ఇంగ్లీషులో మొదలుపెట్టి, తెలుగులోకి జారాడు.

"అందరి ముందు వేసిన నింద అందరి ముందే తీయాలి. ఫోర్క్‌తో తినేవాళ్ళు ఉంగరం తీయక్కర్లేదు. మనలో ఒకళ్ళు చేత్తో తిన్నారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లూసీ కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

"చూపించమ్మా."

గోళ్ళ సందుల్లో ఆవకాయ ఎరుపు.

"ఫోర్క్‌తో సయించలేదు బాబాయ్," అంది తలదించుకుని. "లోపల కూర్చుని కలుపుకున్నాను. ఆయన తలుపు తీసేసరికి సిగ్గేసి అంతా టిఫిన్ క్యారియర్‌లో కుక్కేశాను. ఉంగరం గుర్తులేదు. చేత్తో తిన్నానని చెప్పలేక, సింక్ అన్నాను."

క్యారియర్ అడుగు గిన్నెలో, కాగితం నాప్కిన్ మడతలో ఉంగరం ఉంది.



దైవాశీర్వాదానికి పొద్దున వ్యాన్‌లో తనన్న మాట గుర్తొచ్చింది. "దొరల ముందు చేత్తో తినకండి. పరువు పోతుంది." ఫోర్కులు కొన్నది కూడా తనే.

2.00. లాకు వచ్చింది. ఫోన్ చెయ్యడానికి ఎవరూ దిగలేదు. దైవాశీర్వాదం లూసీని వెంటబెట్టుకుని క్షమాపణ చెప్పడానికి వెనక్కి వెళ్ళాడు.

చుక్కాని కర్ర మీద పసుపు వేలిముద్రలు. పక్కనే ఖాళీ పేపర్ ప్లేటు. ఇందాక ప్రశ్నలడిగినప్పుడూ అవి అక్కడే ఉన్నాయి.

"చేత్తోనే తిన్నాను," అన్నాడు ఎర్ల్. "మీరేమైనా అనుకుంటారేమోనని ఇటు తిరిగి కూర్చున్నాను."

దైవాశీర్వాదం తలెత్తలేకపోయాడు. బోటులో పదమూడుమంది ఉన్నారు. తను పన్నెండే కొన్నాడు.