వారానికి ఒక్క జీబీ

"మీరు కస్టమర్ల ఫొటోలు చూస్తారా?"

షాపులోకి అడుగు పెడుతూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది. గొడుగు ఇంకా పూర్తిగా మూయలేదు. ఆ నీళ్ళన్నీ కౌంటరు మీదున్న నా చార్జర్ల మీద కారుతున్నాయి.

"సూడనండి. ఫోను మీ సేతిలోనే ఉంటాది. ఏది తీసెయ్యాలో నేను సెప్తాను, మీ వేలితో మీరే తీసేత్తారు. అది మా షాపు రూలు."

"నిజంగా?"

"కావాలంటే బయట బోర్డు సూడండి."

బోర్డు మీద అలాంటిదేమీ లేదు. 'ఫణీంద్ర మొబైల్స్, రిపేర్లు, రీచార్జి' అని మాత్రమే ఉంది. ఎవరైనా నిజంగా చూస్తారని ఎవరనుకుంటారు? ఆమె మళ్ళీ గొడుగు విప్పి, వానలోకి వెళ్ళి, బోర్డు పై నుంచి కింద దాకా చదివి వచ్చింది.

"లేదు," అంది.

"రాయించాలండి," అన్నాను.

నవ్వలేదు గానీ నవ్వు ఆపుకుంది. అది నాకు స్పష్టంగా కనిపించింది. బొబ్బిలి నుంచి అరకు వచ్చి షాపు పెట్టిన నాలుగేళ్ళలో నేను అంత శ్రద్ధగా చూసిన మొహం ఇంకొకటి లేదు.

పేరు సిల్వియా. పెదగరువులో టీచరు. పెదగరువు అంటే అరకు నుంచి జీపులో గంట, జీపు ఇక పోనని ఆగిపోయాక కాలినడకన ఇంకో గంట. మిషను వాళ్ళ బడి అది. శుక్రవారం అరకు సంతకి ఊరు ఊరంతా పిల్లలతో సహా దిగిపోతుంది కాబట్టి ఆ బడికి ఆదివారంతో పాటు శుక్రవారం కూడా సెలవు. ఆ సెలవు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

"స్టోరేజ్ ఫుల్ అని ఒకటే గోల. ఏం చెయ్యాలో తెలీట్లేదు," అంది.

ఇద్దరం కౌంటరుకి చెరో పక్కా నిలబడి, మధ్యలో ఫోను పెట్టుకుని మొదలుపెట్టాం. అరవై నాలుగు జీబీల ఫోను. అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలే రెండు వేల మూడు వందలు. గులాబీ, దాని కింద వాక్యం. గులాబీ, దాని కింద వాక్యం.

"ఇవి ఫాదర్ గారు పంపినవి. తీసేస్తే పాపమేమో," అంది.

"ఫాదర్ గారి ఫోన్లో ఉంటాయి కదండి. ఒక సోట ఉంటే సాలు."

కాసేపు ఆలోచించి, సిలువ గుర్తు వేసుకుని, తీసేసింది.

"ఇంకా తగ్గలేదే?"

"తీసేసినవి నెల్లాళ్ళు బిన్‌లో కూకుంటాయండి. దాన్ని కూడా ఖాళీ సెయ్యాల."

అదీ చేసింది. వాడని యాప్‌లు మూడు పీకింది. అప్పుడు పెద్ద ఫైళ్ళ లిస్టు తెరిపించాను. పైనుంచి కిందిదాకా నల్లటి చదరాలు. పన్నెండు వీడియోలు, ఒక్కోటి పావుగంట, ఒక్కోటి రెండు జీబీలు. బొమ్మ లేదు, మనిషి లేడు, వట్టి నలుపు.

"ఇవేటండి, నల్లగా?"

"నల్లగానే ఉంటాయి. వాటి జోలికి పోకండి."

"ఫోన్ని తినేత్తన్నది ఇవేనండి."

"తిననివ్వండి," అని ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. ఎలాగోలా రెండున్నర జీబీ ఖాళీ అయింది. నా బుర్ర మాత్రం నిండిపోయింది.

ఆ వారమంతా నాకు అదే ధ్యాస. నల్లటి వీడియోలు ఎవరు తీస్తారు? కెమెరా పాడైతే ఒకటి తీసి మానేస్తారు గానీ పన్నెండు తీస్తారా? గుహలో తీశారా? గబ్బిలాలా? లేకపోతే ఎవడో చీకట్లో పావుగంట పావుగంట ఆమెతో మాట్లాడుతున్నాడా? ఈ చివరి అనుమానం వచ్చాక నాకు అన్నం సరిగ్గా దిగలేదు.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చింది. ఇంకో వీడియో చేరింది. అదీ నల్లదే.

"టీసరు గారూ, మా రూలు సూడకూడదని. అడక్కూడదని కాదు. ఏటివి?" అన్నాను.

నా మొహంలో ఏం కనిపించిందో, ఫోను తీసి నా చెవి దగ్గర పెట్టింది. రేకుల మీద వాన చప్పుడు. పిల్లల నవ్వులు. ఒక ముసలి దగ్గు. ఆ తర్వాత నాకు ఒక్క ముక్క తెలియని భాషలో ఒక ముసలాయన గొంతు. ముసలాయన అని తెలియగానే నా ప్రాణం లేచి వచ్చింది.

"గాసి తాత. కువి భాషలో కథలు చెప్తాడు," అంది సిల్వియా. "మా ఒకటో తరగతి పిల్లలకి తెలుగు రాదు. పుస్తకం తెరిస్తే ఒక్క మాటా వాళ్ళది కాదు. అందుకని తాత కథల్ని వాళ్ళ భాషలోనే, తెలుగు అక్షరాలతో రాసి పుస్తకం కుడుతున్నాను. పదహారు కథలు. క్రిస్మస్‌కి ఇస్తానని మాటిచ్చాను."

"మరి ఈ నలుపేటి?"

"ఫోను కన్ను తనని చూస్తుంటే తాతకి మాట రాదట. దాని కన్ను మూయి, అప్పుడు చెప్తా అంటాడు. సెల్ఫీ కెమెరా పెట్టి, బోర్లా ఉంచి వీడియో తీస్తాను. మా అమ్మది అదే భాషైనా నాకు సగమే వచ్చు. ఇంటికొచ్చి నాలుగైదు సార్లు వింటే గానీ రాయలేను. అందుకే దేన్నీ తీసెయ్యలేను."

చెప్పాల్సిన మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గొంతు మాత్రమే రికార్డు చేసే యాప్ ఆమె ఫోన్లోనే ఉంది. ఉన్న వీడియోల్లోంచి మాటల్ని మాత్రం విడదీస్తే పాతిక జీబీలు కాస్తా రెండు మూడు వందల ఎంబీలు అవుతాయి. అరగంట పని. ఆ అరగంట తర్వాత ఆ ఫోను ఇంకెప్పుడూ నిండదు, ఆమె ఇంకెప్పుడూ రాదు.

"ఇయ్యాళ్టికి ఒక జీబీ తీద్దామండి. వచ్చే శుక్రవారం మళ్ళీ సూపించండి," అన్నాను.

అలా ఆరు శుక్రవారాలు. వారానికి ఒక్క జీబీ. ఒకసారి పాత మెసేజీల వీడియోలు, ఒకసారి ఒకటే ఫొటో పదిసార్లు తీసినవి, ఒకసారి యాప్‌ల చెత్త. నేను నిదానంగా తీయించేవాణ్ణి. ఆమె నిదానంగా టీ తాగేది. ఆమెకి అల్లం టీ పడదని, పిల్లలకి 'ళ' రాయడం నేర్పించలేక ఏడుపొస్తుందని, జీపులో ముందు సీటు కోసం ఎవరితోనైనా పోట్లాడుతుందని అప్పుడే తెలుసుకున్నాను. అన్నీ తెలుసుకుంటున్నాను, ఒక్కటి మాత్రం చెప్పట్లేదు.

ఏడో శుక్రవారం వచ్చినప్పుడు ఆమె మొహం వాడిపోయి ఉంది. టీ వద్దంది.

"ఆఖరి కథ మధ్యలో ఆగిపోయింది. ఫోను బోర్లా ఉంది కదా, స్టోరేజ్ ఫుల్ అని ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. తాత ఇంకో పది నిమిషాలు చెప్పాడు. అదేదీ ఎక్కలేదు."

"మళ్ళీ సెప్పమంటే?"

"ఒకసారి విన్నవాళ్ళకి ఆ ఏడాదిలో మళ్ళీ చెప్పడు. పిల్లల్ని అడిగితే ఒక్కొక్కడు ఒక్కో ముగింపు చెప్తున్నాడు. ఒకడైతే మధ్యలో బస్సు కూడా తెచ్చాడు."

"ఇంతకీ కథేటండి?"

"ఒక ఎలుగుబంటి. రోజూ ఒక పిల్ల ఇంటికొచ్చి, మా పొయ్యి ఆరిపోయింది, నిప్పు ఇమ్మని అడుగుతుంది. ఆ పిల్ల చిప్పలో నిప్పులు వేసిస్తుంది. ఎలుగు తిరిగి వెళ్తూ వాటిని గెడ్డ నీళ్ళలో ముంచేస్తుంది."

"ముంచేత్తాదా? ఎందుకు?"

"మర్నాడు మళ్ళీ రావచ్చని. ఒకరోజు ఆ పిల్ల చాటుగా వెనకాలే వెళ్ళి చూసింది. అక్కడ ఆగిపోయింది."

నా చెవులు వేడెక్కాయి. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"ఆ ఎలుగుబంటిని నేనేనండి," అన్నాను.

మొత్తం చెప్పేశాను. అంతా అయ్యాక, "ఎన్నాళ్ళ నుంచి తెలుసు?" అని అడిగింది.

"రెండో వారం నుంచి."

"ఇప్పుడు చెయ్యండి."

అరగంటలో అయిపోయింది. గొంతులన్నీ విడదీసి, ఒక్కొక్కటీ ఆమెకి కాస్త వినిపించి, సరే అన్నాకే ఆమె వేలితో వీడియోలు తీయించాను. రికార్డరు యాప్ ఎక్కడుందో చూపించాను. ముప్ఫై ఒక్క జీబీలు ఖాళీ.

"ఇంక నిండదు కదా?"

"నిండదండి."

"అయితే ఇంక రానక్కర్లేదు," అని లేచింది. అరిచి తిట్టినా బాగుండేది.

మూడు శుక్రవారాలు సంత నిండా జనం వచ్చారు, ఆమె రాలేదు. తర్వాతి ఆదివారం షాపు మూసి నేనే కొండెక్కాను. దారి పొడుగునా వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి, వాటిని చూసే ఓపిక నాకు లేదు. ఏం చెప్పాలో వెయ్యిసార్లు అనుకుంటూ నడిచాను. పెదగరువు చేరేసరికి అనుకున్నదంతా మర్చిపోయాను.

గాసి తాత అరుగు మీద రాజ్మా కాయలు ఒలుస్తున్నాడు. పక్కనే సిల్వియా కూడా ఒలుస్తోంది. నన్ను చూసి చేతిలో కాయ వదిలేసి, ఇంకోటి తీసుకుంది.

"ఈ గుంటడెవుడే?" అన్నాడు తాత.

"ఫోన్ల షాపాయన," అంది ముక్తసరిగా.

"తాతా, నీ కథ సగంలో ఆగిపోడానికి కారణం నేనే," అన్నాను. జరిగిందంతా చెప్పాను. తాత కాయలు ఒలవడం ఆపకుండానే విన్నాడు.

"ఈ గుంటంటే నీకిట్టమేటి?" అన్నాడు చివరికి, సిల్వియా వైపు చూపిస్తూ.

"ఇట్టమే తాతా. శానా ఇట్టం."

సిల్వియా చేతులు ఆగిపోయాయి. తాత తన భాషలో ఏదో అన్నాడు. ఆమె తల వంచుకునే నాకు చెప్పింది. "మీరు ఆ కథ వినలేదు కదా. విననివాళ్ళకి చెప్పొచ్చట. బేగి కూర్చోమంటున్నాడు."

ఆమె ఫోన్లో రికార్డరు పెట్టి, చాప మీద బోర్లా ఉంచాను. తాత మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆమె నా వైపు చూడకుండా ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ వచ్చింది. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం గట్టిపడింది.

"ముంచేసిందట. ఆ పిల్ల చూసిందట. ఏమీ అనకుండా ఇంటికొచ్చేసిందట."

"ఎందుకనలేదు?"

"మధ్యలో అడక్కండి. మర్నాడు ఎలుగు వస్తే నిప్పులు ఇవ్వలేదట. చెకుముకి రాయి ఇచ్చిందట. ఇంక నీ నిప్పు నువ్వే పుట్టించుకో, మా ఇంటికి రానక్కర్లేదు అందట."

తాత ఆగి దగ్గాడు.

"మూడు రోజులు రాలేదట. నాలుగో రోజు వచ్చిందట. చేతిలో చిప్ప లేదట. మా పొయ్యి వెలుగుతూనే ఉంది, ఊరికే వచ్చాను అందట."

"ఆ పిల్ల ఏటంది?"

సిల్వియా తాత వైపు చూసింది. తాత ఒక్క ముక్కలో ముగించాడు.

"పీట వేసిందట. అంతే, కథ అయిపోయింది," అంది. మొట్టమొదటిసారి నా వైపు తిరిగి, "చీకటి పడక ముందే దిగిపోండి. దారి జారుతుంది," అంది. పీట మాట ఎత్తలేదు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం దాకా నేను ఎవరి ఫోను ఏం చేశానో నాకే తెలియదు. షాపు బయట ఎవరో చాలాసేపు నిలబడినట్టు అనిపించి తలెత్తాను. సిల్వియా బోర్డు చదువుతోంది. 'మీ ఫొటోలు మేము చూడము' అని కింద కొత్తగా రాయించాను.

"రాయించారే," అంది లోపలికి వస్తూ.

"స్టోరేజ్ మళ్ళీ నిండిందాండి?" అన్నాను.

ఆమె ఫోను తెరిచి కౌంటరు మీద పెట్టింది. ముప్ఫై జీబీలకి పైగా ఖాళీ.

"మరి?"

"ఊరికే వచ్చాను," అంది.

నేను స్టూలు తెచ్చి వేశాను.