వీరేష్ ఫోనులో వినేవాళ్ళు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులు తప్పి ఉంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికి నెల పట్టింది. కథ మాత్రం వేగంగానే నడుస్తుంది.

కర్నూలు బస్టాండు. పేపరు చదువుతున్న మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

“కడప రాయి నల్లగా ఉంటుందా?”

“తడిపితే ఉంటుంది,” అంది ఏజెంట్ శివలీల.

కోడ్ సరిపోయింది. పేపరు మడిచి చీఫ్ సుందరం నిమిషంలో బ్రీఫింగ్ ముగించాడు.

“కడప క్వారీలకు పేలుడు మందు మోసే ట్రాన్స్‌పోర్టు కంపెనీ. డ్రైవర్లకు ఫోన్లివ్వకుండా, సొంత ఫోన్లలోనే హాజరు యాప్ వేసుకోమంది. ఆ యాప్ వెనక విదేశీ ముఠా ఉంది. మనిషి ఎక్కడున్నాడో చూస్తారు, ఫోటోలు లాగుతారు, కాల్ వస్తే వింటారు. ఈ రోజు వాళ్ళ టార్గెట్ డ్రైవర్ వీరేష్ లారీ.”

“లోపల మనవాళ్ళెవరు?”

“హెచ్.ఆర్. ఆఫీసర్ రమణి. వాళ్ళకూ పనిచేస్తుంది, మనకూ వార్తలు మోస్తుంది. నమ్మొద్దు.”

ఆయన ఇచ్చిన వాచీలో ఒక ఎర్ర చుక్క. వీరేష్ ఫోను ఎక్కడుంటే చుక్క అక్కడ. ముఠాకు కనిపించేదీ అదే.

పది గంటలకు శివలీల ఊడ్చే మనిషి వేషంలో కంపెనీ యార్డులో ఉంది. వాచీ చూసి ఉలిక్కిపడింది. చుక్క నందికొట్కూరు దాటి ఆత్మకూరు వైపు పోతోంది. లారీ మాత్రం కళ్ళముందే ఉంది. వీరేష్ తాళ్ళు బిగిస్తున్నాడు.

“ఏమప్పా, నీ ఫోను యాడుండాది?”

“ఇంటికంతా ఒకటే ఫోనక్కా. పొద్దున్నే ఇంటికాడ హాజరు కొట్టి మా గిడ్డమ్మకిచ్చినా. వాళ్ళమ్మకు బాగలేదని ఆత్మకూరు బస్సెక్కింది.”

లారీ దారి మార్చిందనుకుని ముఠా ఆ చుక్క వెంటే పోతోంది. అక్కడున్నది ఈయన భార్య. హెచ్చరించాలని ఫోను చేస్తే ఆ మాటలు ముఠా కూడా వింటుంది.

అయినా చేసింది.

“గిడ్డమ్మా, కంపెనీ నుంచి శివలీలక్కను.”

“చెప్పక్కా. బస్సుకు జీపు అడ్డమొచ్చింది. ఒకాయప్ప ఎక్కినాడు. చేతిలో తుపాకి ఉండాది. ఫోను ఎవరిదని అడుగుతాండాడు.” గొంతు సన్నబడింది.

“విను. మీ ఆయన లారీ డోన్ రోడ్డులో, పాత క్వారీకాడ నిలబడిపోయింది. ఒక్కడే ఉన్నాడు. బుగులు పడొద్దు.”

అబద్ధమాడి తలెత్తింది. మేడమీద కిటికీలో రమణి. నల్లద్దాలు, పట్టుచీర, చెవిలో ఇయర్‌ఫోన్. ఆమె కూడా విన్నది. ఆమె చూపు యార్డులోని లారీ మీదే ఉంది. లారీ ఇక్కడే ఉందన్న ఒక్క మాట చాలు, బస్సులో గిడ్డమ్మ ప్రాణం పోతుంది.

రమణి ముఠాతో మాట్లాడే మైకు అందుకుంది.

“బస్సు వదలండి. పాత క్వారీకి పోండి.”

ఫోనులో గిడ్డమ్మ అంది. “దిగిపోయినాడక్కా.”

శివలీల వెంటనే సుందరానికి కబురందించింది. క్వారీ దగ్గర జీపును పోలీసులు చుట్టుముట్టారు. మెట్లు దిగి వచ్చిన రమణి చేతులు తనే చాచింది.

“ఎందుకు కాపాడావు?” శివలీల అడిగింది.

“ఆ యాప్ మొదట వేసుకుంది నేనే. డాక్టరుకు చూపించను దిగిన ఫోటోలు కూడా లాగినారు. ఊరంతా పంపుతామంటే రెండేళ్ళు వాళ్ళు చెప్పినట్టల్లా ఆడినా. ఈ పొద్దు ఆయమ్మ గొంతు విన్యాక నిజం చెప్పను నోరు రాల్యా.” మళ్ళీ తనే అడిగింది. “ఆ ఫోటోలు వెనక్కొస్తాయా?”

అవి ఏ దేశంలో ఎన్నిచోట్ల ఉన్నాయో సుందరానికి కూడా తెలియదు.

వారం తర్వాత కంపెనీ పాత యాప్ తీసేసి కొత్తది తెచ్చింది. లొకేషన్, మైకు, ఫోటోలు, అన్నిటికీ ఒప్పుకోనిదే డ్యూటీ లేదు.

“ఏం చేసినావప్పా?” అని శివలీల అడిగింది.

“ఒప్పుకున్యానక్కా,” అన్నాడు వీరేష్. “ఈసారి ముఠా లేదని కంపెనీవాళ్ళు చెప్పినారు. వాళ్ళకు మాత్రం ఎవరు చెప్పినారో అడగల్యా.”

ఇది రాసింది హనుమమ్మ, వయసు అరవై మూడు, ఇప్పుడు ఉండేది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధి.